వెనక ఆడే పిల్ల

"తాతా, ఇంక నేను వెనక ఆడను."

కారులో సీటు బెల్టు పెట్టుకుంటూ మా మనవరాలు అన్న మాట ఇది. మే నెల, శనివారం ఉదయం. గిరావీన్ పార్కు గడ్డి మీద మంచు ఇంకా ఆరలేదు. తన మేజోళ్ళు మోకాళ్ళ దాకా తడిసిపోయాయి, మోచేతికి మట్టి అంటింది. ఇంట్లో మేం తనని చిట్టి అంటాం. ఎనిమిదేళ్ళలోపు పిల్లల జట్టులో సాకర్ ఆడుతోంది.

ఆ రోజు ఎదుటి జట్టు మూడు గోల్స్ కొట్టింది. మూడుసార్లూ వాళ్ళు ఆఖరున దాటింది మా చిట్టినే. మూడుసార్లూ ఒకటే కథ. బంతి తీసుకుని ఎవరో వస్తారు. చిట్టి పరిగెత్తుకెళ్ళి బంతి మీదకి దూకుతుంది. బంతి ఒక అడుగు పక్కకి జరుగుతుంది. చిట్టి గడ్డి మీద ఉంటుంది. మూడో గోలు తర్వాత గీత అవతల నిలబడ్డ ఒకాయన, "వెనకున్న ఆ పిల్లని మార్చండి" అన్నాడు. ఎవరి నాన్నో ఇక్కడ రాయను. ఆయన ఆ మాట మెల్లగా అనలేదు. పిల్ల విన్నది.

"వెనక ఆడితే ఏమైందమ్మా?" అన్నాను.

"ముందు ఆడేవాళ్ళు గోల్ కొడతారు. వెనక ఆడేవాళ్ళ వల్ల గోల్ పడుతుంది."

నాకు వెంటనే జవాబు దొరకలేదు. నేను ఫీజీలో పదమూడేళ్ళు వెనకే ఆడాను. ఆ పదమూడేళ్ళలో నాకూ ఇదే అనిపించింది, ఇంత చక్కగా చెప్పలేకపోయాను, అంతే.

గిరావీన్ ఎక్కడుందో తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. సిడ్నీకి పడమర వైపు చిన్న పేట. దీనికి సొంత రైల్వే స్టేషన్ లేదు. టూంగాబీలోనో పెండిల్ హిల్‌లోనో దిగి రావాలి. ఇక్కడి ఆదిమవాసుల మాట నుంచి వచ్చిన పేరు, పూలు ఉన్న చోటు అని అర్థం చెబుతారు. ఇప్పుడు ఏ వీధిలో నడిచినా పోపు వాసన వస్తుంది. హైదరాబాదు వాళ్ళు, గుంటూరు వాళ్ళు, శ్రీలంక తమిళులు, మాలాంటి ఫీజీ వాళ్ళు, అందరూ శనివారం పొద్దున్నే పిల్లల్ని తీసుకుని మైదానానికి వస్తారు.

ఇక్కడ చిన్నపిల్లల ఆట పెద్దల ఆటలా ఉండదు. ఆరు, ఏడేళ్ళలోపు పిల్లలు ఒక్కో జట్టుకి నలుగురే. మైదానం 30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. గోలీ ఉండడు. ఎనిమిది, తొమ్మిదేళ్ళలోపు వాళ్ళు ఏడుగురు, అప్పుడు గోలీ వస్తాడు. పది, పదకొండేళ్ళలోపు వాళ్ళు తొమ్మండుగురు. పన్నెండేళ్ళలోపు జట్టు నుంచి పదకొండుమంది ఆట. దీన్నంతా కలిపి మినీరూస్ అంటారు. అంతవరకూ పాయింట్ల పట్టిక ఉండదు, గోల్స్ లెక్క రాయరు. అంటే క్లబ్బు రాయదు. గీత అవతలున్న ప్రతి తల్లీ తండ్రీ లెక్కపెడతారు. పిల్లలూ లెక్కపెడతారు. తాతలు మరీను.

మా కాలంలో ఇవేవీ లేవు. ఫీజీలో బా పట్టణం దగ్గర చెరకు తోటల మధ్య పుట్టాను. మా అవ్వ వాళ్ళ అమ్మానాన్నల చెయ్యి పట్టుకుని మద్రాసు రేవులో ఓడ ఎక్కింది. మద్రాసు నుంచి ఫీజీకి గిర్మిట్ ఓడలు 1903 నుంచి 1916 దాకా నడిచాయి. గిర్మిట్ అంటే ఐదేళ్ళ కూలి ఒప్పందం అని మీకు తెలుసు. వాళ్ళు పనిచేసిన సి.ఎస్.ఆర్. చెరకు కంపెనీ పెద్ద ఆఫీసు సిడ్నీలోనే ఉండేది. అందుకని అవ్వ దృష్టిలో సిడ్నీ అంటే కంపెనీ దొరలు ఉండే ఊరు. మనవడు అక్కడ ఇల్లు కొనుక్కుంటాడని చెబితే నవ్వేది.

గిర్మిట్ వాళ్ళ పిల్లలకి సాకర్ అంటే ప్రాణం. 1938లో సువాలో ఫీజీ ఇండియన్ ఫుట్‌బాల్ సంఘం పెట్టుకున్నారు. జిల్లాల మధ్య పోటీ ఆ ఏడే మొదలైంది, ఇప్పటికీ జరుగుతోంది. మన సంగం, అదే 1926లో నాందీలో పుట్టిన దక్షిణ భారతీయుల సంఘం, ప్రతి ఈస్టర్‌కి సభలు పెట్టి, వాటితోపాటు సాకర్ పోటీలు కూడా పెడుతుంది. నేను ఆ పోటీల్లో ఆడాను. చెప్పుల్లేని కాళ్ళతో, చెరకు కోసిన మళ్ళలో నేర్చుకున్న ఆట. పొలంలో మిగిలిన చెరకు మోడు ఒకటి అరికాలిలో దిగిన మచ్చ ఇంకా ఉంది.

నన్ను వెనక ఎందుకు పెట్టారంటే లావుగా ఉండేవాణ్ణి. అంతకంటే కారణం లేదు. నాకు నేర్పింది ఒక్కటే మాట. అది ఫీజీ హిందీలో చెప్పేవాళ్ళు, తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: బంతి పోతే మనిషి పోకూడదు, మనిషి పోతే బంతి పోకూడదు. రెండూ కలిసి నిన్ను దాటితే తన్నులు తింటావు. వెనక ఆడటం అంటే అడ్డం పడటం, బలంగా తన్నడం, బంతిని చెరకులోకి పంపించడం. ఆ తర్వాత బంతి వెతకడానికి పావుగంట. ఆ పావుగంట మాకు విశ్రాంతి.

1987లో ఫీజీలో సైన్యం ప్రభుత్వాన్ని పడగొట్టాక మేం ఇక్కడికి వచ్చాం. వచ్చిన ఏడాదే, 1988 నవంబరులో, నాందీలో ఫీజీ ఆస్ట్రేలియాని 1-0తో ఓడించింది. వారం రోజులు ఫ్యాక్టరీలో తల ఎత్తుకుని తిరిగాను. తర్వాత న్యూకాజిల్‌లో వీళ్ళు మనకి 5-1 పెట్టారు. తల దించుకున్నాను. వెనకవాళ్ళు తొంభై నిమిషాలు నిలబడటం ఎంత కష్టమో ఆ రెండు ఆటలూ చెబుతాయి. అయినా ఆ మొదటి ఆట గురించి అడిగితే ఫీజీలో ఎవరైనా గోలు కొట్టిన మనిషి పేరే చెబుతారు. రవుయామా మాడిగి. వెనక ఆడిన వాళ్ళ పేర్లు నేనే మర్చిపోయాను, నేనే!

ఇక చిట్టి సంగతికి వస్తాను. తప్పు మొదలుపెట్టింది నేనే. కిందటేడు తను నలుగురి ఆట ఆడేది. గోలీ లేడు కదా, గోలు ఖాళీగా ఉంది కదా అని నా పాత బుద్ధికి తోచింది. "నువ్వు గోలు ముందు నిలబడు తల్లీ, ఎవరొచ్చినా తన్నెయ్" అని చెవిలో చెప్పాను. నిలబడింది. గోల్ పడలేదు. నేను మీసం తిప్పుకున్నాను. సగం ఆట అయ్యాక కోచ్ నా దగ్గరికి వచ్చింది. యూనివర్సిటీలో చదువుకుంటున్న అమ్మాయి, మా కోడలి కంటే చిన్నది. "అంకుల్, మీ పాప పావుగంటలో బంతిని రెండుసార్లు ముట్టుకుంది. మిగతావాళ్ళు ఎన్నిసార్లు ముట్టుకున్నారో చూడండి" అంది, చాలా మర్యాదగా. ఈ వయసులో గోలీని ఎందుకు పెట్టరంటే, ఒక పిల్లని కాపలా బొమ్మలా నిలబెట్టకూడదనే. నలుగురూ పరిగెత్తాలి, నలుగురూ అడ్డుకోవాలి, నలుగురూ ముందుకెళ్ళాలి. గోల్స్ పడతాయి. పడనివ్వాలి.

నాకు కోపం వచ్చింది. ఇంటికొచ్చాక మా అబ్బాయితో చెప్పుకున్నాను. వాడు నా వైపు ఉంటాడనుకున్నాను.

వాడి విషయం కొంచెం చెప్పాలి. వాడు ఇక్కడే పుట్టాడు. పదేళ్ళప్పుడు వాడూ ఆడేవాడు, వెనకే, నా కొడుకు కాబట్టి. నేను గీత వెంబడి పరిగెడుతూ అరిచేవాణ్ణి. వెళ్ళు! తన్ను! వదలకు! పడెయ్! అప్పట్లో గీత దగ్గర అందరూ అరిచేవాళ్ళు, కానీ నా గొంతు అందరికంటే పెద్దది. పదమూడేళ్ళకి వాడు ఆట మానేశాడు. చదువు ఎక్కువైంది అన్నాడు. నేను నమ్మాను, నమ్మడం సులువుగా ఉంది కాబట్టి.

చిట్టిని క్లబ్బులో చేర్పించిన రోజు వాడు నాతో ఒకటే అన్నాడు. "నాన్నా, నువ్వు రా. కానీ గీత దగ్గర నోరు తెరవొద్దు." చెవిలో చెబితే నోరు తెరిచినట్టు కాదని నేను అనుకున్నాను. వాడు అలా అనుకోలేదు.

మూడు గోల్స్ పడిన ఆ శనివారం సాయంత్రం, చిట్టి నిద్రపోయాక, టీ తాగుతూ వాడిని అడిగాను. "నువ్వు ఆట మానేసింది నా వల్లేనా?" ఇరవై ఏళ్ళు ఆలస్యంగా అడిగిన ప్రశ్న.

వాడు కాసేపు కప్పు వైపు చూశాడు. "నువ్వు అరిచినప్పుడల్లా నాకు బంతి కనపడేది కాదు నాన్నా. నువ్వే కనపడేవాడివి" అన్నాడు.

దానికి నేను ఏమీ అనలేదు. వాడూ ఇంకేమీ అనలేదు. కప్పులు నేను కడిగాను.

మర్నాడు ఆదివారం. వెనక పెరట్లో బట్టలు ఆరేసే తీగ కింద చిట్టిని నిలబెట్టాను. బంతి తేలేదు. "చెడుగుడు ఆడదాం" అన్నాను. చెడుగుడు అంటే కబడ్డీయే. మా చిన్నప్పుడు వెన్నెల రోజుల్లో మా నాన్న, బాబాయిలు ఆడేవాళ్ళు. నేల మీద గీత గీశాను. నేను కూతకి వెళ్ళాను. కూత అంటే మళ్ళీ ఊపిరి తీసుకోకుండా చెడుగుడు, చెడుగుడు అంటూ అవతలి వాళ్ళ వైపు వెళ్ళి, ఒకరిని ముట్టుకుని తిరిగి రావడం. చిట్టి నా మీదకి దూకింది. నేను పక్కకి జరిగి, తన భుజం ముట్టుకుని వెనక్కి వచ్చేశాను. అరవై దాటినవాణ్ణి, మోకాలు నొప్పి ఉన్నవాణ్ణి. మళ్ళీ దూకింది. మళ్ళీ అంతే.

"నువ్వు నన్ను ఎందుకు పట్టుకోలేకపోతున్నావో చెప్పు."

"నువ్వు జరుగుతున్నావు కదా."

"నేను ఎప్పుడు జరుగుతున్నాను?"

ఆలోచించింది. "నేను దూకాక."

అదీ సంగతి. చెడుగుడులో మంచి పట్టు పట్టేవాడు ముందు దూకడు. వచ్చినవాడి ఎదురుగా కొంచెం వంగి, వాడి కాళ్ళ వైపు చూస్తూ వెనక్కి వెనక్కి జరుగుతాడు. వాడు ఆశపడి ఒక కాలు చాపుతాడు. ఆ కాలు నేల వదిలిన క్షణంలో వాడు ఇంకెటూ తిరగలేడు. అప్పుడు మడమ పట్టుకుంటాడు. ఐదోసారి చిట్టి ఆగింది. నేను కాలు చాపాను. నా ప్యాంటు పట్టుకుంది. చినిగింది. మా ఆవిడ కిటికీలోంచి చూసి ఏమందో ఇక్కడ రాయడం కుదరదు.

తర్వాత బంతి తెచ్చాం. బంతికీ అదే లెక్క. బంతి కాలికి అంటుకుని ఉన్నంతసేపు దాన్ని లాక్కోలేవు. పరిగెత్తేవాడు బంతిని కొంచెం గట్టిగా నెడతాడు, అది కాలికి ఒక గజం దూరం పోతుంది. అప్పుడు అది వాడిదీ కాదు, నీదీ కాదు. అప్పుడు వెళ్ళాలి. అంతవరకూ చెయ్యి చాపితే అందేంత దూరంలో, మోకాళ్ళు వంచి, ఒక కాలు ముందు ఒక కాలు వెనక పెట్టి, వాడితోపాటు జరగాలి. రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి తలుపులా నిలబడితే కాళ్ళ మధ్య నుంచే బంతి పోతుంది. చిట్టికి అది రెండుసార్లు జరిగింది, రెండుసార్లూ నవ్వుకుంది. శనివారం జరిగితే నవ్వదు.

ఒకటి నేను చెప్పలేకపోయాను, అది మా అవ్వ మాట చెప్పింది. ఎటు నిలబడాలి అన్నది. మా ఇంటి వెనక చిన్న వరిమడి ఉండేది. వాన పడితే పైనుంచి నీళ్ళు తోసుకొచ్చేవి. అవ్వ పార తీసుకుని "మడవ తిప్పి వస్తా" అనేది. మడవ అంటే మడిలోకి నీళ్ళు వెళ్ళడానికి గట్టులో తీసిన దారి. నీళ్ళకి ఎదురుగా నిలబడి ఎవరూ ఆపలేరు. ఒక పక్క మట్టి వేసి మూస్తే, నీళ్ళు తమంతట తామే రెండో పక్కకి పోతాయి. నీకు కావలసిన వైపు. ఆట కూడా అంతే. గోలు వైపు దారిని నీ ఒంటితో మూసి, పక్కగీత వైపు దారి తెరిచి ఉంచు. వచ్చినవాడు ఖాళీ ఉన్నవైపే పోతాడు. పోయి పోయి గీత దగ్గర ఇరుక్కుంటాడు. గీత నీ జట్టులో ఇంకో ఆటగత్తె అనుకో.

"మడవ తిప్పాలి" అంది చిట్టి. ఆ మాట తనకి ఎందుకో చాలా నచ్చింది. మీలో తెలుగు నేర్చుకుంటున్నవాళ్ళు గమనించండి, ఇంగ్లీషులో డిఫెన్స్ అనే ఒక్క మాట ఉన్నచోట మనకి చాలా ఉన్నాయి. అడ్డం పడటం వేరు, కాపు కాయడం వేరు, కాచుకుని ఉండటం వేరు, మళ్ళించడం వేరు. నాకు ఫీజీలో నేర్పింది మొదటిది ఒక్కటే.

మంగళవారం సాయంత్రం ప్రాక్టీసుకి నేనే తీసుకెళ్ళాను. మా అబ్బాయి పని నుంచి ఆలస్యంగా వస్తాడు. దూరంగా బెంచీ మీద కూర్చుని, నోరు మూసుకుని చూశాను. చూడటం కూడా నేను అప్పుడే నేర్చుకున్నానేమో.

కోచ్ అమ్మాయి నాలుగు కోన్లతో పది అడుగుల చదరం లాంటిది పెట్టింది. చదరానికి ఒక వైపు రెండు చిన్న గుమ్మాలు, ఎడమ మూల ఒకటి, కుడి మూల ఒకటి. ఒక పిల్ల బంతితో వస్తుంది, ఏ గుమ్మంలోంచి వెళ్ళినా గోలే. ఇంకో పిల్ల ఆపాలి. నాకు మొదట అర్థం కాలేదు, ఒక పిల్ల రెండు గుమ్మాల్ని ఎలా కాస్తుంది? కాయలేదు. అందుకే పెట్టింది. గుమ్మంలో నిలబడితే రెండో గుమ్మం ఖాళీ. మధ్యలో నిలబడితే రెండూ ఖాళీ. కాబట్టి పిల్ల ముందుకి వెళ్ళి, ఒక వైపు మూసి, రెండో వైపు తనతోపాటు పరిగెత్తించాలి. ఈ మాట ఆ అమ్మాయి ఎవరికీ చెప్పలేదు. రెండు గుమ్మాలు పెట్టి ఊరుకుంది. పావుగంటలో సగంమంది పిల్లలు తమంతట తామే పక్కకి తిరిగి నిలబడటం మొదలుపెట్టారు. నేను ఇరవై ఐదేళ్ళ కిందట గొంతు చించుకుని చెప్పలేకపోయినదాన్ని ప్లాస్టిక్ కోన్లు చెప్పేశాయి.

తర్వాత ఇద్దరిద్దరు. ఇక్కడ అసలు కష్టం. బంతి వైపు ఇద్దరూ పరిగెత్తుతారు. తేనెటీగల గుంపు. బంతి ఆ ఇద్దరినీ ఒక్కసారే దాటిపోతుంది. కోచ్ ఆట ఆపి ఒకటే అడిగింది. "మీ స్నేహితురాలిని దాటితే అక్కడ ఎవరున్నారు?" ఎవరూ లేరు. మళ్ళీ ఆడారు. ఒకరు బంతి దగ్గరికి వెళితే రెండోవాళ్ళు నాలుగడుగులు వెనక, కొంచెం పక్కగా ఆగాలి. ఆ రెండోవాళ్ళది చాలా చిత్రమైన పని. బంతి ముట్టుకోరు. ఎవరూ చూడరు. కానీ వాళ్ళు ఉన్నారని తెలిస్తేనే మొదటివాళ్ళకి ధైర్యం. చిట్టి ఎందుకు దూకేదో నాకు అప్పుడు తెలిసింది. తన వెనక ఎవరూ లేరని తనకి తెలుసు. ఆఖరిదాన్ని నేనే అనుకుంటే ఎవరైనా దూకుతారు.

చివర్న ముగ్గురి మీద ఇద్దరు. ఇద్దరే ఉన్నప్పుడు బంతి లాక్కోవాలనుకోకూడదు. మెల్లగా వెనక్కి జరుగుతూ కాలం గడపాలి, మూడో పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చేదాకా. మా ఆట భాషలో దీనికి మాట ఉండేది కాదు. అప్పు అడగడానికి వచ్చినవాణ్ణి ఆయన వచ్చేదాకా మాటల్లో పెట్టడం మా అమ్మకి బాగా తెలుసు. అదే ఇది.

బెంచీ మీద నా పక్కన హైదరాబాదు నుంచి వచ్చిన ఒకాయన కూర్చునేవాడు. ఆయన కొడుకు గోలీ. "అంకుల్, ఇవన్నీ మా రహీం సాబ్ చేసినవే" అన్నాడు. సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదు మనిషి, బడిపంతులు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు ఆయన చేతి కింద ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచింది. బంతిని కాళ్ళ దగ్గర ఎక్కువసేపు పెట్టుకోకూడదని ఒక పోటీ, బలం లేని కాలితోనే తన్నాలని ఒక పోటీ, ఇలా పెట్టేవారట. నియమం మారిస్తే కాలు దానంతట అదే నేర్చుకుంటుందని ఆయనకి తెలుసన్నమాట. ఆ 1962 ఫైనల్లో గోల్ కొట్టిన ఇద్దరిలో ఒకడు జర్నైల్ సింగ్, వెనక ఆడే మనిషి. తలకి కుట్లు పడితే ముందుకి పంపారు. నేను ఈ సంగతి చిట్టికి చెబితే, "అయితే తల పగిలితే ముందుకి పంపిస్తారా?" అని అడిగింది. ఇంకెప్పుడూ చెప్పలేదు.

ఇంకో మాట. ఆస్ట్రేలియా వాళ్ళు 2013లో అచ్చువేసిన శిక్షణ పుస్తకంలో పిల్లలకి నాలుగు ముఖ్యమైన నైపుణ్యాలు రాశారు. బంతిని తన్నడం, వచ్చిన బంతిని మొదటి తాకుతో ఆపుకోవడం, ఎదుటివాళ్ళని ఒంటరిగా దాటడం, బంతితో పరిగెత్తడం. అడ్డుకోవడం ఆ నాలుగింటిలో లేదు. వెనక ఆడినవాడిగా నాకు కొంచెం మనసు కష్టపడింది. ఒకరు దాటాలంటే ఇంకొకరు ఆపుతూ ఉండాలిగా, వాళ్ళు ఏం నేర్చుకుంటున్నట్టు? కానీ కోపం తగ్గాక అనిపించింది, చిన్నపిల్లకి ముందు బంతి మీద ఇష్టం పుట్టాలి. ఆపడం నేర్పుతూ ఆ ఇష్టాన్ని చంపినవాణ్ణి నేను ఒకణ్ణి ఉన్నాను. పుస్తకం రాసినవాళ్ళు నాలాంటివాళ్ళని చూసే రాసి ఉంటారు.

చిట్టి గదిలో గోడ మీద సామ్ కెర్ బొమ్మ ఉంది. 2023లో ఇక్కడ మహిళల ప్రపంచకప్పు జరిగినప్పుడు అంటించింది. ఇంగ్లండు మీద సెమీఫైనల్లో దూరం నుంచి కొట్టిన ఆ గోలు తను ఫోనులో వందసార్లు చూసి ఉంటుంది. మా ఫీజీ పిల్లలందరికీ లబాసా కుర్రాడు రాయ్ కృష్ణ ఎలాగో అలాగ. ముందు ఆడేవాళ్ళ బొమ్మలే గోడ మీదకి ఎక్కుతాయి. దాన్ని నేను మార్చలేను, మార్చాలని కూడా లేదు. ఎనిమిదేళ్ళ పిల్ల ఈ ఏడు వెనక, వచ్చే ఏడు ముందు ఆడుతుంది. ఏడుగురి ఆటలో అందరూ అన్ని చోట్లా ఆడాలనే కోచ్ చూస్తుంది. నాకు కావలసింది తను ఎక్కడ ఉన్నా భయం లేకుండా ఉండటం.

గురువారం మా అబ్బాయి త్వరగా వచ్చాడు. బూట్లు లేవు, ఆఫీసు చొక్కాతోనే పెరట్లోకి దిగాడు. నేను బంతితో రావాలి, వాళ్ళిద్దరూ ఆపాలి. చిట్టి ముందు, వాడు నాలుగడుగులు వెనక. నేను వచ్చాను. చిట్టి దూకబోయి వెనక్కి చూసింది. వాడు "నేనున్నా" అన్నాడు. తెలుగులో. వాడు నాతో తెలుగు మాట్లాడటం తక్కువ, ఆటలో అసలే లేదు. చిట్టి దూకలేదు. మోకాళ్ళు వంచి, నన్ను కంచె వైపు తీసుకెళ్ళింది. కంచె దగ్గర నిమ్మచెట్టు ముళ్ళు గుచ్చుకుని బంతి వదిలేశాను. వాళ్ళిద్దరూ చేతులు కొట్టుకున్నారు. నేను మోచేతిలో ముల్లు తీసుకుంటూ నిలబడ్డాను.

ఆ తర్వాత వచ్చిన శనివారం అంతా చక్కగా జరిగిందని రాస్తే మీరు నమ్మరు. జరగలేదు. మొదటి పదినిమిషాల్లోనే చిట్టి పాత అలవాటుగా దూకింది, గోలు పడింది. నాకు గొంతు దాకా మాట వచ్చింది. జేబులో తాళాలు గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. మా అబ్బాయి నా వైపు ఒకసారి చూసి మళ్ళీ ఆట వైపు తిరిగాడు.

రెండో సగంలో ఎదుటి జట్టులో పొడుగుపిల్ల ఒకతె బంతి తీసుకుని వేగంగా వచ్చింది. కిందటివారం గోల్స్ కొట్టిన పిల్లల కంటే వేగం. చిట్టి ఎదురెళ్ళింది, రెండు గజాల ముందు చిన్న చిన్న అడుగులు వేసి ఆగింది, పక్కకి తిరిగింది. ఆ పిల్ల లోపలికి రావాలని చూసింది. దారి లేదు. గీత వైపు తిరిగింది. చిట్టి తనతోపాటే పరిగెత్తింది, చెయ్యి చాపితే అందేంత దూరంలో, ఏమీ చెయ్యకుండా. నిజంగా ఏమీ చెయ్యలేదు. ఆ పిల్ల కంగారులో బంతిని గట్టిగా నెట్టింది, బంతి గీత దాటి మా బూట్ల దగ్గరికి వచ్చింది. అంతే. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, చప్పట్లు కొట్టడానికి ఏం జరగలేదు కదా. కిందటివారం మాట అన్న ఆ పెద్దమనిషి పక్కవాళ్ళతో కబుర్లలో ఉన్నాడు. మా అబ్బాయి వంగి బంతి తీసి చిట్టికి ఇచ్చాడు. ఇస్తూ ఏదో అన్నాడు, నాకు వినపడలేదు.

కాసేపటికి ఇంకో వైపు నుంచి బంతి వచ్చింది. ఈసారి ఎదురెళ్ళింది చిట్టి కాదు, తనతో వెనక ఆడే ఇంకో పిల్ల. వాళ్ళ ఇంట్లో ఏ భాష మాట్లాడతారో నాకు తెలియదు, తెలుగు మాత్రం కాదు. ఆ పిల్ల భయపడి దూకబోతుంటే చిట్టి నాలుగడుగులు వెనక నిలబడి గట్టిగా అరిచింది. "నేనున్నా!"

ఆ పిల్లకి ఆ మాట అర్థమైందో లేదో. ఆగింది మాత్రం ఆగింది.

ఆ బంతి తర్వాత గోలే అయింది, వాళ్ళు మధ్యలోంచి ఇంకొకరికి అందించారు. కారులో చిట్టి దాని గురించి మాట్లాడలేదు. మంగళవారం ప్రాక్టీసుకి పసుపు రంగు బిబ్బు తనకే కావాలని, కిందటిసారి వాసన వచ్చే ఆకుపచ్చది ఇచ్చారని ఇల్లు చేరేదాకా చెబుతూనే ఉంది.